ఇంటికి పది నిమిషాల దూరంలో ఆఫీసు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది వనస్థలిపురం, ఆఫీసు రాయదుర్గంలో. వారానికి మూడు రోజులు రమ్మంటారు, ఎల్‌బీ నగర్ దాకా స్కూటీ, అక్కణ్నుంచి మెట్రో, అమీర్‌పేటలో మారి ఇంకో రైలు, పోను రాను మూడు గంటల పైనే పోతోంది. మిగతా రెండు రోజులు ఇంట్లో చేద్దామంటే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, మూడేళ్ల బాబు, అత్తయ్య మావయ్య, హాల్లో టీవీ. మా కాలనీ దగ్గర కోవర్కింగ్ ప్లేస్ పెట్టారు, అంటే డబ్బు కట్టి ఎవరి పని వాళ్లు చేసుకునే ఉమ్మడి ఆఫీసు. డబ్బు కట్టి మరీ ఉద్యోగం చేయడమేంటి అంటారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లమ్మా, కానీ నెల మొత్తానికి ఒకేసారి కట్టకండి. మీక్కావల్సింది రెండు రోజులే కదా, ముందు డే పాస్, అంటే ఒక్క రోజుకే డబ్బు కట్టి, చూడండి. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబెర్గ్ అనే ప్రోగ్రామర్ ఇలాంటిది మొదలుపెట్టినప్పుడు ఆయన కూడా వారానికి రెండు రోజులే తెరిచాడు. సొంత పని చేసుకునే స్వేచ్ఛ పోకూడదు, పక్కన నలుగురు మనుషులూ ఉండాలి అన్నదే ఆయన ఆలోచన. మీ అవసరం కూడా అంతకి దగ్గర్లోనే ఉంది.

చూడ్డానికి ఆదివారం కాదు, మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి, అప్పుడే జనం ఎంతున్నారో, పక్క టేబుల్ వాళ్ల ఫోన్ మాటలు మీకు ఎంత వినిపిస్తాయో తెలుస్తుంది. కరెంటు పోతే వైఫై ఒక్కటే నడుస్తుందా, ఏసీ కూడా నడుస్తుందా అడగండి. బాత్రూమ్ చూడకుండా రాకండి. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటే ఎన్నింటిదాకా తెరుస్తారు, ఆ టైమ్‌లో కింద వాచ్‌మన్ ఉంటాడా అన్నది ఆడవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యం. చెప్పిన రేటు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, మీటింగ్ రూమ్‌కి చాలాచోట్ల గంటల లెక్కన వేరే తీసుకుంటారు, ఆ రెండూ కలిపి మీవారికి లెక్క చెప్పండి, లేకపోతే నెలాఖరున మళ్లీ గొడవ.

అసలు సంగతి మీ మేనేజర్‌తో ఉంది. ఆ మూడు రోజుల్లో ఒక్క రోజు ఇక్కణ్నుంచి చేస్తాను, ఖర్చు కంపెనీ పెట్టుకోగలదా అని మెయిల్ పెట్టండి, ఒప్పుకుంటే బిల్లు కంపెనీ పేరు మీదే చేయించండి. బయట కూర్చుని క్లయింట్ పని చేయొచ్చా అన్న పర్మిషన్ కూడా రాతపూర్వకంగా తీసుకోండి, మీ స్క్రీన్ ఎవరికీ కనపడకుండా వీపు వెనకాల గోడ ఉండే సీటు చూసుకోండి. అడగడానికి మొహమాటపడకండి, ఐటీ అంతా హైదరాబాదుకి పడమర వైపే పేరుకుపోతోందని తెలంగాణ ప్రభుత్వమే 2020లో గ్రిడ్ పాలసీ తెచ్చింది కదా, ఉప్పల్ లాంటి చోట్లకి కూడా ఆఫీసులు రావాలని.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్తున్నా. ఆ ఒక్క రోజు ప్రయాణంలో మిగిలిన మూడు గంటలూ వంటింటికే పోనివ్వకండి. ఇంట్లో వాళ్లకి "ఆఫీసుకి వెళ్తున్నా" అనే చెప్పండి, పక్క వీధే కదా అని మధ్యలో పాలప్యాకెట్‌కి ఫోన్ రాకూడదు.

ప్రశ్న: మాది భీమవరం. మేడ మీద పెద్ద హాలు ఖాళీగా ఉంది, ఇలాంటి సెంటర్ పెడదామని మా అబ్బాయి అంటున్నాడు, అప్పు చేయాలి. పెట్టొచ్చా అండీ?

జవాబు: ఇప్పుడే అప్పు వద్దండీ. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు గారు ఇంటి నుంచి పని చేసే మహిళల గురించి మాట్లాడుతూ, ప్రతి పట్టణం, మండలంలో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్లకి ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు, మంచి మాటే, కానీ మీ హాలుకి అది వర్తిస్తుందో లేదో కనుక్కున్నాకే లెక్కలో వేసుకోండి. ఈలోగా రెండు వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు, ఒక ఇన్వర్టర్, ఆడవాళ్లకి వేరే బాత్రూమ్, వీటితో మొదలవ్వచ్చు. సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలు లాప్‌టాప్‌లతో సహా దిగుతారు కదా, పండగయ్యాక ఓ వారం ఇంట్లో నుంచే పని చేసేవాళ్లు మీ వీధిలోనే కొందరుంటారు. ఆ వారం నాలుగు టేబుళ్లు వేసి ఊరికే కూర్చోమనండి. రెండో రోజు కూడా ఎంతమంది మెట్లెక్కి వస్తారో చూసుకుని, అప్పుడు ఏసీ కొనండి.