సీఎఫ్‌ఓ కుర్చీలోంచి ఎండీ కుర్చీలోకి

చి. స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. మీ పంపుల కంపెనీలో సీఎఫ్‌ఓగా లెక్కలు చూసే నిన్ను ఎండీని చేస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ముందు ఏ పని పట్టుకోవాలని అడిగావట. అడిగావు కాబట్టి రాస్తున్నాను, లేకపోతే రిటైరైనవాళ్ల సలహాలు ఎవరిక్కావాలి!

నువ్వు సీఏవి. ఏ సమస్యొచ్చినా నీ కన్ను ముందు ఖర్చుల మీదికే పోతుంది. మీ ఛైర్మన్ గారు లేతు మెషిన్ దగ్గర మొదలై పైకొచ్చినవారు. ఆయన దృష్టిలో పంపు అంటే బరువైన పోత ఇనుముతో చేసిందే. మీ ఇద్దరే కూర్చుని ప్లాన్ వేస్తే సోలార్ పంపుల మాట ఎత్తేదెవరు?

అమెరికాలో చిప్‌లు చేసే ఇంటెల్ సంగతి చెప్తాను. 1968లో ఆ కంపెనీ పెట్టింది మెమరీ చిప్‌ల కోసమే, అంటే కంప్యూటర్లో సమాచారం దాచే చిప్‌లు. 1980ల్లో జపాన్ కంపెనీలు అవే చిప్‌లను నాణ్యంగా, చవగ్గా చేసి మార్కెట్ లాగేసుకున్నాయి. 1985లో ఇంటెల్ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్, సీఈఓ గోర్డన్ మూర్‌ని అడిగాడు: బోర్డు మనల్ని తీసేసి కొత్తవాణ్ణి తెస్తే, అతనేం చేస్తాడు? మెమరీల నుంచి తప్పుకుంటాడు అన్నాడు మూర్. అదేదో మనమే చేద్దాం అనుకున్నారు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. అసలు విషయం కింద జరిగింది. లాభం ఎక్కువ వచ్చే చిప్‌కే ఫ్యాక్టరీ కెపాసిటీ ఇవ్వాలని అక్కడో రూల్ ఉండేది. దాని ప్రకారమే ప్లానింగ్, ఫైనాన్స్ వాళ్లు అప్పటికే కెపాసిటీని మైక్రోప్రాసెసర్లకు, అంటే కంప్యూటర్‌ని నడిపే చిప్‌లకు, మళ్లించేశారు. పైవాళ్లు మాత్రం, మెమరీ చేస్తేనే కొత్త టెక్నాలజీ పట్టుబడుతుందనీ, సేల్స్‌వాళ్ల దగ్గర అన్ని రకాలూ ఉండాలనీ పట్టుకుని కూర్చున్నారు. ఒకప్పుడు ఆ రెండూ నిజమే, అందుకే వదల్లేకపోయారు. తీరా మెమరీలు మానేస్తున్నామని కస్టమర్లకు చెప్తే, దీనికి ఇన్నాళ్లు పట్టిందా అన్నవాళ్లున్నారు.

మీ ఫైనాన్స్ వాళ్లు గర్వపడాల్సిన కథే. కానీ అదే రూల్ నీ దగ్గర ఎదురు తిరగొచ్చు. సోలార్ పంపు మీద ఇవాళ మిగిలేది తక్కువ, ప్రభుత్వం నుంచి రావాల్సిన బిల్లుల డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. ఈ ఏడాది లాభమే చూస్తే దాన్ని మొదట ఆపేసేది నువ్వే, అదీ శుద్ధమైన లెక్కలు చూపించి మరీ.

అందుకని ముందు షాప్‌ఫ్లోర్ ప్లానింగ్ రికార్డులు తెప్పించు. మెషిన్ గంటలు నిజంగా ఏ మోడల్‌కి పోతున్నాయో చూసి, బోర్డుకు చూపించే ప్లాన్ పక్కన పెట్టు. రెండూ కలవని చోటే నీ పని మొదలవుతుంది. తర్వాత డీలర్లనీ, పంపులు రిపేరు చేసే మెకానిక్‌లనీ కలువు. సేల్స్ హెడ్‌ని వెంటబెట్టుకుని మాత్రం వెళ్లకు, ఆయన ముందు ఎవరూ నోరు విప్పరు.

ఛైర్మన్ గారితో మీటింగ్‌లో వాదించకు. ఒంటరిగా ఉన్నప్పుడు, "ఈ పద్ధతి ఎప్పుడు, ఎందుకు పెట్టారండీ?" అని అడుగు. ఆయన చెప్పే కారణం ఇప్పటికీ ఉందో లేదో ఆయనే చూసుకుంటారు. నువ్వు తప్పని తేల్చావో, ఆయన ఇంకా బిగుసుకుంటారు.

నీ పాత కుర్చీలోకి ఇంకో సీఏ ఎలాగూ వస్తారు. అందుకే నీ పక్కన పెట్టుకునే మనిషిని సర్వీస్ విభాగం నుంచి తీసుకో. నీకు చిరాకు తెప్పించేవాళ్లయినా ఫర్వాలేదు.

వరంగల్ వైపు డీలర్ల దగ్గరికి వెళ్లేటట్టయితే ముందు నాకు చెప్పు. అక్కడ మనవాళ్లున్నారు, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్తారు.

ఇట్లు,
మావయ్య