లైన్ల చుట్టరికం తెలిశాకే క్రాసింగ్

అమ్మాయ్,

రాజేంద్రనగర్‌లో పీహెచ్‌డీలో చేరావని, మొక్కజొన్న లైన్ల (హైబ్రిడ్లకు తల్లిదండ్రులుగా వాడే శుద్ధ రకాల) జన్యు వైవిధ్యం మీద పని ఇచ్చారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమేసింది.

ఆకులు కోసుకుని ల్యాబ్‌కి వెళ్లే ముందు పాత రిజిస్టర్లు తిరగెయ్. ఒక్కో లైన్ ఏ మూలం నుంచి వచ్చిందో రాసుకో. మార్కెట్‌లో బాగా ఆడిన హైబ్రిడ్‌నే సెల్ఫింగ్ చేసి, అంటే మొక్క పుప్పొడిని దాని కండెకే వేసి, కొత్త లైన్లు తీయడం మామూలే. అందుకే చేతిలో ఎన్ని ప్యాకెట్లున్నా, ఆరా తీస్తే రెండు మూడు కుటుంబాలే తేలవచ్చు. నంబర్లు చూసి మాత్రం చుట్టరికం కట్టకు. మన దగ్గర పుట్టిన డీహెచ్‌ఎం 117కి తల్లిదండ్రులు బీఎంఎల్ 6, బీఎంఎల్ 7. పక్కపక్క నంబర్లే, అయినా ఎంత మంచి హైబ్రిడ్ వచ్చిందో చూడు.

తల్లి వైపు కూడా రాసుకోవడం మరవకు, కణద్రవ్యం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) తల్లి నుంచే వస్తుంది. 1970లో అమెరికాలో ఎన్నో పేర్లతో హైబ్రిడ్లు అమ్మారు, కానీ ఎక్కువ వాటిలో కణద్రవ్యం ఒక్కటే, టెక్సాస్ రకం. ఆ కణద్రవ్యం ఉన్నవాటికి తేలిగ్గా సోకే కొత్త రూపంలో ఆకుమాడు తెగులు వచ్చి పంటలో దాదాపు 15 శాతం తినేసింది.

ఇక పొలం పని. పీచు బయటికి రాకముందే కండెకు సంచి తొడగాలి. ఒక్క పోగు కనిపించినా ఆ కండెను సెల్ఫింగ్‌కి వాడకు, పక్క వరుస పుప్పొడి ఈపాటికే పడి ఉండొచ్చు. తెల్లగింజ లైన్‌లో ఇలా కలిస్తే కండె మీద పసుపు గింజలు కనబడి పట్టిస్తాయి. పసుపు లైన్లలో కంటికి ఏమీ తెలియదు, డీఎన్‌ఏ మార్కర్ చూస్తేనే బయటపడుతుంది. సెల్ఫింగ్ చేసిన ప్రతిసారీ భిన్నత్వం (ఒకే జన్యువుకు రెండు వేరు రూపాలు ఉండటం) సగమవుతుంది కాబట్టి, మూడు తరాలు సెల్ఫింగ్ చేసిన లైన్‌లో మొదటి దానిలో ఇంకా 12.5 శాతం దాకా మిగిలే ఉంటుంది. ఒక్క మొక్క ఆకుతో లైన్ మొత్తాన్ని తేల్చెయ్యకు, పది మొక్కల నుంచి తీసుకో.

మొక్కల కొలతలతో వేసిన డీ స్క్వేర్ (లైన్ల మధ్య తేడా ఎంతో చెప్పే లెక్క) గుంపులు, మార్కర్ల గుంపులు ఒకలా రాకపోతే టెన్షన్ పడకు. కొలతల్లో వాతావరణం చెయ్యి ఉంటుంది, అందుకే ఖరీఫ్‌లోనూ రబీలోనూ చూడమంటాను.

గుంపుల పటంలో దూరంగా ఉన్న జంటలన్నీ మంచి హైబ్రిడ్ ఇస్తాయని నమ్మకు. చలి దేశాల లైన్ ఎంతో దూరంగా కనిపిస్తుంది గానీ, మన ఎండకు ముందే పూసి, పుప్పొడి రాల్చేసి కూర్చుంటుంది. పక్క లైన్ పీచు అప్పటికి రానే రాదు. ఏ క్రాస్‌లు వేయనక్కర్లేదో చెప్పడానికే ఆ పటం బాగా పనికొస్తుంది. ఒకే గుంపులోవి వదిలేసి, మిగిలినవి టెస్టర్లతో (పోల్చి చూడటానికి వాడే లైన్లతో) కలిపి పొలంలో పరీక్షించు.

దిగుబడి తక్కువని ఏ లైన్‌నూ పారెయ్యకు. కాండం కుళ్లుకు తట్టుకునే గుణం అలాంటి దాంట్లోనే ఉండొచ్చు. కొద్ది విత్తనమైనా ఆరబెట్టి, కోల్డ్ స్టోర్‌లో పెట్టించు.

ఖరీఫ్ పూత సమయానికి కబురు చెయ్, నేనూ వస్తాను. మూలాల పట్టిక అప్పటికి రాసి ఉంచు, వరుసల్లో తిరుగుతూ కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న