రెండు మిల్లీమీటర్లు పెరిగితే మందు పనిచేయనట్టేనా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా నాన్నకు 63 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్. హైదరాబాద్‌లో ఒక కొత్త మందు ట్రయల్‌లో చేరారు. ఆరు వారాలకోసారి సీటీ స్కాన్ తీస్తున్నారు. మొదట 41 మి.మీ. ఉన్న గడ్డ 31కి తగ్గింది. ఈసారి ప్రయాణం తప్పుతుందని ఖమ్మంలోనే తీయించాం. 33 అని, 'పెరిగింది' అని రిపోర్టు ఇచ్చారు. ఆ రాత్రి నుంచి నాన్నకు నిద్ర లేదు. ట్రయల్ వాళ్లేమో ఈ స్కాన్ పనికిరాదు, మళ్లీ తీయాలంటున్నారు. ఇన్ని స్కాన్లు మంచివేనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు నాన్నగారికి ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి. 31 నుంచి 33 అయితే ట్రయల్ లెక్కలో పెరిగినట్టు కాదు. ఇలాంటి గడ్డలను కొలవడానికి ఎక్కువ ట్రయల్స్‌లో వాడేది రెసిస్ట్ అనే పద్ధతి. ఇప్పుడు నడుస్తున్నది 2009లో వచ్చిన దాని 1.1 వెర్షన్. దాని ప్రకారం, అన్నిటికంటే తక్కువగా ఉన్న కొలత మీద కనీసం 20 శాతం, అదీ 5 మి.మీ.కి తగ్గకుండా పెరగాలి. లేదా కొత్త గడ్డ కనిపించాలి. మామూలుగా ఎంచుకున్న గడ్డలన్నీ కలిపి లెక్కేస్తారు. మీరు ఒక్కటే రాశారు కాబట్టి దాంతోనే చెప్తున్నాను: 37 దాటితే అప్పుడు ఆలోచించాలి. ఒకే గడ్డను స్కాన్లు చదివే డాక్టర్లం, అంటే రేడియాలజిస్టులం, ఇద్దరం కొలిచినా ఒకటి రెండు మి.మీ. తేడా వస్తుంది. అంచులు ముళ్లముళ్లుగా ఉంటే మరీను.

మళ్లీ ఎందుకు తీయాలంటే, పుస్తెలతాడును రెండు కొట్లలో తూయిస్తే బరువు ఒకటే వస్తుందా? ట్రయల్‌లో సీటీ మెషిన్ తక్కెడ లాంటిది. తక్కెడ మారకూడదు. దోసకాయను చక్రాలుగా తరిగినట్టు సీటీ ఒంటిని ముక్కలుగా చూపిస్తుంది. ముక్క మందమైతే చిన్న గడ్డ అంచు అందులో కలిసిపోతుంది. అందుకే 5 మి.మీ. మించొద్దంటారు. రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వకపోతే ఛాతీ మధ్యలో రక్తనాళమేదో, లింఫు గ్రంథి ఏదో తేల్చడం కష్టం. మీ ఖమ్మం రిపోర్టులో 'ప్లెయిన్', అంటే కాంట్రాస్ట్ లేకుండా తీసింది, అని ఉందేమో చూడండి.

నేనూ ఒకసారి తప్పు చేశాను. లింఫు గ్రంథిని అడ్డంగా, అంటే తక్కువ వెడల్పు ఉన్న వైపు కొలవాలి. నైట్ డ్యూటీ చేసి ఉన్నానేమో, నిలువుగా కొలిచేసి 'పెరిగింది' అని రాసేశాను. పేషెంటు పేరు కూడా తెలియకుండా స్కాన్లు చూసే ట్రయల్ కేంద్ర పరిశీలకులు నాలుగు రోజుల్లో పట్టుకున్నారు. సిగ్గేసింది. వాళ్లు పట్టుకోకపోతే, పనిచేస్తున్న మందు ఆ పెద్దాయనకు నా వల్ల ఆగిపోయేది.

ఇక రేడియేషన్. దాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఛాతీ సీటీ ఒక్కదానికి సుమారు 6, 7 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి సగటున రెండున్నర దాకా వస్తూనే ఉంటుంది. ఏడాదికి ఎనిమిది స్కాన్లంటే తక్కువేమీ కాదు. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడికైతే నేనే వద్దంటాను. కానీ రేడియేషన్ వల్ల క్యాన్సర్ వస్తే గిస్తే చాలా ఏళ్లకు వస్తుంది. నాన్నగారికి ఇప్పుడున్న జబ్బు అంతకాలం ఆగదు. అయినా వెంటవెంటనే రెండుసార్లు తీయడం అనవసరపు భారమే. స్కాన్ ఒకే మెషిన్ మీద తీయించాలన్న సంగతి ముందే మీకు గట్టిగా చెప్పి ఉండాల్సింది ట్రయల్ వాళ్లు.

మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఎన్ని స్కాన్లు తీస్తారో, ఖర్చు ఎవరిదో రాసి ఉంటుంది, వెతకండి. ఖమ్మం సీడీ పారేయకండి, తీసుకెళ్లి ఇవ్వండి. ఇకపై రాలేని పరిస్థితి వస్తే ముందు ట్రయల్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయండి. తేదీని కొన్ని రోజులు అటూ ఇటూ జరపడానికి సాధారణంగా వీలుంటుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట ఉంచుకోండి, కాంట్రాస్ట్ ఇచ్చే ముందు అడుగుతారు. ఇంట్లో పది సెకన్లు ఊపిరి బిగపట్టడం నాన్నగారితో ప్రాక్టీస్ చేయించండి. మధ్యలో దగ్గితే కొలత చెడుతుంది.

అన్నట్టు, ఆయనకు ఆకలి ఎలా ఉంది, బరువు తగ్గారా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఉత్తరంలో అన్నీ మిల్లీమీటర్లే రాశారు. ఈసారి ఇవి రాయండి.