గిఫ్ట్ డీడ్ రాయించుకుని ముసలాయన్ని వెనక గదిలోకి నెట్టాడు.. రద్దవుతుందా?

ప్రశ్న: మా నాన్నకు 76 ఏళ్లు. అమ్మ పోయాక కాకినాడలో తన స్వార్జితమైన ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. నేను బెంగళూరులో ఉంటాను. మందులు తెచ్చిపెట్టే కుర్రాడొకడు మెల్లగా ఇంట్లో మనిషైపోయాడు. నాన్న ఫోన్ వాడి చేతికి పోయింది, పాత పనిమనిషిని మాన్పించాడు, ‘మీ అమ్మాయికి ఆస్తే కావాలి’ అని నూరిపోశాడు. చివరికి ఇల్లు తన పేర గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించుకున్నాడు, జీపీఏ (నాన్న తరఫున వ్యవహరించే అధికారపత్రం) కూడా ఉందట. రెండేళ్ల నాలుగు నెలలైంది, నాకు తెలిసింది పోయిన నెలలో. ఇప్పుడు నాన్నను వెనక గదిలో పెట్టి తిండి కూడా సరిగా పెట్టట్లేదు. రద్దు దస్తావేజు రాసేద్దామని డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. నేను కేసు వేయొచ్చా?

జవాబు: మీరు వేయలేరు. ఇల్లు మీ నాన్నగారి స్వార్జితం, ఆయన బతికే ఉన్నారు కాబట్టి దావా అయినా అర్జీ అయినా ఆయన పేరుతోనే పడాలి.

మీరు రాసినదంతా ఆ కుర్రాడి గురించే. దస్తావేజులో ఏం రాసుందో ఒక్క ముక్క లేదు. నెల రోజులుగా దాని నకలు తీసుకోకపోవడం నిర్లక్ష్యం. రేపే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకీ, ఈసీకీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) దరఖాస్తు పెట్టండి. ‘దాతను పోషించాలి, ఆయన కనీస అవసరాలు చూడాలి’ అన్న షరతు అందులో ఉందా? ఉంటే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లోనే డీడ్ రద్దు కోరవచ్చు. తీసుకున్నవాడు కొడుకే కానక్కర్లేదు, పరాయివాడికీ ఇది వర్తిస్తుంది. షరతు లేకపోతే కష్టం. అది తప్పనిసరని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, విడిగా రాసిచ్చిన పోషణ హామీపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్ట్ రద్దు చేసింది. అలాంటి కాగితం ఏదైనా ఉందేమో బీరువా వెతకండి.

ఏదీ దొరకకపోతే సివిల్ కోర్టే గతి. అనుచిత ప్రభావంతో, అంటే తన మీద ఆధారపడ్డ మనిషిని లొంగదీసుకుని, రాయించుకున్నాడని దావా వేయాలి. కోర్టు ఫీజు ఆస్తి విలువ మీద కట్టాలి. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 59 ప్రకారం దావా వేసే గడువు మూడేళ్లు. మీకు తెలిసిన రోజు నుంచి కాదు, మోసం సంగతి మీ నాన్నగారికి తెలిసిన రోజు నుంచి. ఎదుటి వకీలు ఎలాగూ రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్కపెడతాడు. కాబట్టి మిగిలింది ఎనిమిది నెలలే అనుకుని కదలండి.

రద్దు దస్తావేజు జోలికి పోవద్దు. ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 126 ప్రకారం, పూర్తయిన గిఫ్టును దాత ఒక్కడే తన ఇష్టానికి వెనక్కి తీసుకోలేడు. ఆ కాగితానికి పెట్టిన ఖర్చు దండగ, ఈలోగా గడువు కరిగిపోతుంది. పాత తేదీతో పోషణ ఒప్పందం సృష్టిద్దామని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. స్టాంపు పేపరు మీద సీరియల్ నంబరు, అమ్మిన తేదీ ఉంటాయి. దొరికితే ఫోర్జరీ కేసు మీ మీదే పడుతుంది. జీపీఏ సంగతి వేరు. డబ్బు తీసుకుని రాసింది కాకపోతే నాన్నగారు దాన్ని ఏకపక్షంగా రద్దు చేసి, రిజిస్టర్ చేయించి, ఆ కుర్రాడికి నోటీసు పంపవచ్చు. ఇది ఈ వారమే చేయించండి.

సాక్ష్యం విషయానికొద్దాం. నాన్నగారు నమ్మి తన వ్యవహారాలన్నీ వాడి చేతిలో పెట్టారని ముందు చూపించగలిగితే, లావాదేవీ నిజాయితీగా జరిగిందని రుజువు చేసే భారం వాడి నెత్తినే పడుతుంది (భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 114). అందుకని ఏది ముందు, ఏది తర్వాత జరిగిందో తేదీలతో సహా రాయండి: బ్యాంకు ఖాతాకున్న మొబైల్ నంబరు ఎప్పుడు మారింది, ఏటీఎం డబ్బు ఏ ఊళ్లో, ఏ వేళకి తీశారు, పనిమనిషి ఎప్పుడు మానేసింది. రిజిస్ట్రేషన్ నాటికి దగ్గర్లో ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే అది బంగారమే. డీడ్ మీద సాక్షులు ఎవరి మనుషులు? స్టాంపు డ్యూటీ ఎవరి ఖాతా నుంచి పోయింది? చాలాసార్లు ఈ రెండు ప్రశ్నల దగ్గరే కథ బయటపడుతుంది.

నాన్నగారి చేత అర్జీ రాయించేటప్పుడు మీరు గదిలో ఉండకండి. ‘కూతురు చెప్పినట్టు రాశారా?’ అన్నది ఎదుటి వకీలు వేసే మొదటి ప్రశ్న. ఆయన నోటితో చెప్పింది చెప్పినట్టే ఎక్కించి, అదే రోజు డాక్టర్ దగ్గర మానసిక స్థితి బాగుందని సర్టిఫికెట్ తీసుకోండి. వాడితో ఫోన్లో గొడవ పడకండి, ఇల్లు అమ్మేసే తొందర వాడికి పుడుతుంది. ఏమీ తెలియని కొనుగోలుదారు మధ్యలోకి వస్తే ఇల్లు తిరిగి రావడం గగనం. అమ్మవద్దని సబ్ రిజిస్ట్రార్‌కు లేఖ రాస్తే సరిపోదు, దావాతో పాటే తాత్కాలిక ఇంజక్షన్ (అమ్మకాన్ని ఆపే కోర్టు ఉత్తర్వు) అడగాలి.

తిండి, మందుల సంగతి కోర్టు దాకా ఆగదు. ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. నాన్నగారి చేతే బ్యాంకులో ఏటీఎం కార్డు బ్లాక్ చేయించి, నంబరు మార్పించండి.