30 దాటాక కూడా మొటిమలు వస్తున్నాయి, పోయినా నల్ల మచ్చలు మిగిలిపోతున్నాయి, ఏం చేయాలి?

ముందు కొత్త మొటిమలు ఆపాలండి, ఓపక్క మచ్చకి క్రీమ్ రాస్తూ ఇంకోపక్క కొత్తవి వస్తుంటే ఈ పని ఎప్పటికీ తెమలదు. రాత్రిపూట అడాపలీన్ 0.1% జెల్, ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలు, మొటిమ మీద చుక్క పెట్టి వదిలేయడం కాదు. మొదట్లో పొట్టు లేస్తుంది, మండుతుంది, అందుకే రోజు మార్చి రోజు రాస్తూ పైన మాయిశ్చరైజర్ వేసుకోండి, తేడా కనపడ్డానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది కాబట్టి పది రోజులకే మానేయకండి. ప్రెగ్నెన్సీ ఉన్నా, ప్లాన్ చేస్తున్నా ఇది వద్దు, డాక్టర్‌ని అజెలాయిక్ యాసిడ్ గురించి అడగండి, అది మచ్చలకీ పనికొస్తుంది. మొటిమలకే రాసే ఇంకో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవాళ్లు మాత్రం తెల్ల దిండు గలీబు వేసుకోండి, రంగు గుడ్డ అయితే వెలిసిపోయి మచ్చలు మచ్చలుగా తయారవుతుంది.

మచ్చలకి సన్‌స్క్రీన్ తప్పదు, ఎస్‌పీఎఫ్ 30 పైన, ఎండ తగిలితే మన చామనఛాయ చర్మంలో అవి ఇంకా ముదురుతాయి. నిమ్మరసం, టూత్‌పేస్ట్ వద్దే వద్దు.

అన్నిటికన్నా డేంజర్ మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చేసే ట్యూబులు. వెనక చిన్నక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉంటే స్టెరాయిడ్ అన్నమాట, మొదట ముఖం తెల్లగా మెరుస్తుంది, అందరూ ఏం రాస్తున్నావని అడుగుతారు కూడా, ఆపగానే ఎర్రబడి మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి, వాడుతూ పోతే చర్మం పల్చబడి సన్న రక్తనాళాలు కనిపిస్తాయి.

ఆడవాళ్లకి దవడ, గడ్డం దగ్గరే వస్తూ పీరియడ్స్ కూడా లేటవుతుంటే పీసీఓడీ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ సమస్య) టెస్టులు చేయించుకోండి. గుంటలు పడ్డ మచ్చలైతే క్రీములతో పూడవు, స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.