నలభై పేపర్లు చదివినా సమీక్ష రాలేదు

ప్రశ్న: నల్గొండ ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద పీహెచ్‌డీ చేస్తున్నానండీ. నలభై పేపర్లు చదివి, ఒక్కోదానికి ఒక్కో పేరా రాసి ఇస్తే గైడ్ గారు "ఇది జాబితా, సమీక్ష కాదు" అని వెనక్కిచ్చేశారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకమ్మా, చదివిన చదువు ఎక్కడికీ పోలేదు. నువ్వు పేపర్లవారీగా రాశావు, ఇప్పుడు ప్రశ్నలవారీగా మార్చాలి, అంతే. నీ అంశంలో కనీసం మూడు వైపుల రాతలున్నాయి: ఎముకల మీద ప్రభావం గురించి డాక్టర్లు రాసింది, భూగర్భ జలాల్లోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుందని జియాలజీ వాళ్లు రాసింది, నీటిని శుద్ధి చేయడం గురించి ఇంజనీర్లు రాసింది. ఈ ముగ్గురూ ఒకరినొకరు చదివినట్టు కనిపిస్తోందా? అక్కడే నీ పరిశోధనకు చోటు దొరకొచ్చు.

ఒక పేరా ఎలా ఉండాలంటే, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ టెక్నిక్‌ను నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది కదా, దాన్ని మెచ్చుకున్నవాళ్లనీ, మిగిలిపోయే అల్యూమినియం, బురద సంగతేంటని అడిగినవాళ్లనీ ఒకేచోట కూర్చోబెట్టి, ఎవరి కొలతలు ఎందుకు నమ్ముతున్నావో నువ్వే చెప్పాలి. గైడ్ గారు వెతుకుతున్నది ఆ నీ మాటనే.

పాతవీ వదలకు, 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్‌పై వచ్చిన పేపర్ తప్పకుండా తెచ్చుకుని చదువు. భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పాత థీసిస్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఈ రాత్రికి ఆ నలభైనీ ఒక పట్టికలో పెట్టు: ఏ ఊరు, ఎన్ని శాంపిళ్లు, ఏం తేలింది. ఖాళీగా మిగిలిన గళ్లు గైడ్ గారికి చూపించు.