సోడియం వేలన్సీ (పరమాణువు ఏర్పరచే బంధాల సంఖ్య, లేదా ఇచ్చే, తీసుకునే ఎలక్ట్రాన్ల సంఖ్య) 1, కాల్షియంది 2, ఇనుముకేమో 2, 3 రెండూనా? ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా?

అక్కర్లేదు. హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా 20 మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో రాయడం వస్తే చాలు, వాటి సాధారణ వేలన్సీ అందులోనే కనిపిస్తుంది. బయటి కక్ష్యలో 1 నుంచి 4 ఎలక్ట్రాన్లుంటే ఆ అంకే వేలన్సీ. 5 నుంచి 8 ఉంటే 8 లోంచి తీసేయండి. హీలియంకు ఈ లెక్క కుదరదు. దానికున్న ఒకే కక్ష్య 2 ఎలక్ట్రాన్లతోనే నిండిపోతుంది, అందుకే 0.

అసలు తికమక "సోడియం స్థిరత్వం కోసం ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది" అనే వివరణతో మొదలవుతుంది. సోడియం ఊరికే ఏదీ ఇవ్వదు. దాని మొదటి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే మోల్‌కు సుమారు 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. క్లోరిన్ దాన్ని తీసుకున్నప్పుడు తిరిగొచ్చేది 349 మాత్రమే. అంటే అంతవరకు నష్టమే! అలా ఆవేశం పొందిన పరమాణువులు, అంటే అయాన్లు, స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు విడుదలయ్యే 787 కిలోజౌళ్లు ఆ లోటును పూడుస్తాయి. సోడియం లోహాన్నీ క్లోరిన్ అణువునూ విడి పరమాణువులుగా చేసే ఖర్చు కలిపినా ఇంకా మిగులుతుంది.

మరి రెండో ఎలక్ట్రాన్ సంగతి? అది లోపలి నిండు కక్ష్యలోది, దానికి 4562 కావాలి. ఆ ఖర్చును స్ఫటికం పూడ్చలేదు. కాల్షియంకు వరసగా 590, 1145, ఆపైన ఒక్కసారిగా 4912. ఆ గెంతుకు ముందే వేలన్సీ ఆగిపోతుంది.

ఇనుములో అలాంటి గోడ లేదు: 762, 1562, 2957. బయటి రెండూ పోయాక మూడోది లోపలి కక్ష్యలోని డీ ఉపకక్ష్య అనే భాగం నుంచి వస్తుంది. ఖర్చు పెరిగినా, ఎక్కువ ఆవేశమున్న అయాన్ బలంగా ఆకర్షించడం వల్ల అదీ గిట్టుబాటవుతుంది. 2 వస్తుందా 3 వస్తుందా అన్నది ఎదుటి పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఇనుమును సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే ఫెర్రస్ క్లోరైడ్ (వేలన్సీ 2), వేడి ఇనుము మీదికి పొడి క్లోరిన్ వాయువు పంపితే ఫెర్రిక్ క్లోరైడ్ (వేలన్సీ 3) వస్తాయి. కాబట్టి ఇనుము లాంటి పరివర్తన మూలకాల వేలన్సీని సమ్మేళనం పేరు చూసే నిర్ణయించాలి.

కార్బన్ నాలుగు ఎలక్ట్రాన్లనూ వదులుకోవడం మరీ ఖరీదు, అందుకే పంచుకుంటుంది. ఇక్కడ లెక్కించాల్సింది బంధాలను, పక్కనున్న పరమాణువులను కాదు. కార్బన్ డయాక్సైడ్‌లో పక్కన రెండే ఆక్సిజన్లున్నా, రెండూ ద్విబంధాలు కనుక కార్బన్ వేలన్సీ 4.

ఫార్ములా రాసేటప్పుడు వేలన్సీలను అడ్డంగా మార్చి రాసే పద్ధతిని అయానిక సమ్మేళనాలకే నమ్ముకోండి. అల్యూమినియం 3, ఆక్సిజన్ 2 అయితే రెండు అల్యూమినియంలకు మూడు ఆక్సిజన్లు. మెగ్నీషియం ఆక్సైడ్‌లో రెండూ 2 కనుక 1:1కి కుదించాలి. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో బ్రాకెట్ మరిచిపోతే ఆ 2 హైడ్రోజన్‌కు మాత్రమే అంటుకుని ఒక ఆక్సిజన్ ఎగిరిపోతుంది. పరీక్షల్లో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మాత్రం 2:2 అని చూసి కుదించకండి. అది రెండు ఆక్సిజన్లు ఒకదానితో ఒకటి బంధం వేసుకున్న అణువు. అందులో ప్రతి ఆక్సిజన్‌కు రెండు బంధాలున్నాయి కాబట్టి వేలన్సీ 2, ఆక్సీకరణ సంఖ్య (బంధంలోని ఎలక్ట్రాన్లను ఎక్కువగా లాగే పరమాణువుకే ఇచ్చేస్తే దానికి వచ్చే ఆవేశం) మాత్రం −1. ఈ రెండూ ఒకటే అనుకోవద్దు.